చింతగింజలతో పదిలోపు లెక్కలు
ఒకటో తరగతి పిల్లలకు పది చింతగింజలు చాలు. అష్టాచెమ్మాకు చేసినట్టే ఒక్కో గింజను ఒకవైపు గరుకు బండ మీద తెలుపు కనపడేదాకా అరగదీయండి. పాలమూరులో సీతాఫలం గింజలు దండిగా దొరుకుతాయి గానీ అవి వద్దు: పగిలితే ఆ పొడి కళ్లలో పడి మంట పుడుతుంది.

అట్టముక్క మీద రెండు వరుసల్లో ఐదేసి గళ్లు గీయండి. గింజలు విసిరాక తెల్లవి ముందు, నల్లవి తర్వాత పేర్చాలి. ఆరు తెలుపు, నాలుగు నలుపు వస్తే 6 + 4 = 10. ఎక్కడపడితే అక్కడ పెడితే పిల్లలు మళ్లీ ఒకటి నుంచే లెక్కపెడతారు. పై వరుస నిండితే ఐదని చూడగానే తెలుస్తుంది. అంకెలు రాయించడం ఆ తర్వాతే. ఆపైన కొన్ని గింజలను అరచేత్తో మూసి, ఎన్ని దాగాయో అడగండి. తీసివేత అక్కడే మొదలవుతుంది. చంటిపిల్లలు పక్కనుంటే జాగ్రత్త, గింజలు ముక్కులో పెట్టుకుంటారు.