ముఖపత్రం చిరిగిన తెలుగు పుస్తకానికి వయసు కట్టడం ఎలా

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో వెతికినా, విజయవాడ పాత పుస్తకాల షాపుల్లో దుమ్ము దులిపినా, కాస్త పాతబడ్డ తెలుగు పుస్తకాల్లో చాలావాటికి మొదటి నాలుగు పేజీలు ఉండవు. అట్ట ఊడిపోయి, ముఖపత్రం పోయి, పీఠిక మధ్యలోంచి మొదలవుతాయి. "వందేళ్ల నాటిది సార్" అంటాడు అమ్మేవాడు. అతనికి వందేళ్లంటే రేటు, లెక్క కాదు. లెక్క మనమే వేసుకోవాలి.

వేసేటప్పుడు రెండు గీతలు గీసుకోండి. ఈ ఏడాదికి ముందు అచ్చయి ఉండదు అనేది ఒకటి, ఈ ఏడాది తర్వాత అచ్చయి ఉండదు అనేది రెండోది. దొరికిన ప్రతి ఆధారంతో ఆ రెంటినీ దగ్గరికి జరుపుకుంటూ పోవడమే పని. ఒక్క ఆధారం చూసి సంవత్సరం చెప్పేసేవాళ్లని నేను నమ్మను.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఏ పుస్తకం పట్టుకున్నా నా కళ్లు ముందు చిరునామా మీదికే పోతాయి. ముఖపత్రం పోయినా చివరి పేజీలోనో వెనక అట్ట మీదో ప్రెస్సు పేరు, ఊరు మిగిలే అవకాశం ఉంది. ముద్రించినవారి పేరు, స్థలం పుస్తకం మీద ఉండి తీరాలని 1867 నాటి 25వ చట్టం, అంటే ప్రెస్సుల, పుస్తకాల నమోదు చట్టం, చెప్పింది మరి. ఆ చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15కి ముందుది కాదు, ఇక వాదన లేదు. "మదరాసు-17", "విజయవాడ-2" అని చిన్న అంకె మాత్రమే ఉంటే? అంతకు ముందుదై ఉండవచ్చు, అంతే. పిన్ వచ్చాక కూడా ఏళ్ల తరబడి పాత నంబర్లే రాసిన కవర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. ప్రెస్సువాళ్లూ మనుషులే కదా! చిరునామాలో "ఆంధ్రప్రదేశ్" అని ఉంటే 1956 నవంబరు 1 తర్వాతిది. "చెన్నై" అని ఉంటే దాదాపుగా 1996 తర్వాతిది. "చెన్నపురి" చూసి మాత్రం మురిసిపోకండి, ఆ మాట మీద మోజున్నవాళ్లు చాలాకాలం వాడారు.

తర్వాత ధర. నా లెక్కలో అన్నిటికన్నా గట్టి సాక్షి ఇదే. "రు. 1-8-0" అని మూడు అంకెలు గీతలతో ఉంటే రూపాయి ఎనిమిది అణాలు, అంటే రూపాయిన్నర. చివరి సున్నా "పై"లది. అప్పట్లో అణాకి 12 "పై"లు, రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. కాబట్టి అణాల్లో ధర అచ్చయిన పుస్తకం మామూలుగా 1957కి ఇవతలికి రాదు. "న.పై." అని కనిపిస్తే మీ పంట పండినట్టే. నయాపైస అన్న పేరు 1957 నుంచి 1964 జూన్ 1 దాకానే నడిచింది, ఆ తర్వాత "నయా" తీసేశారు. ఒక్క పొడి అక్షరంతో ఏడేళ్ల ఇరుకులోకి వచ్చేస్తాం. అయితే ధర అచ్చులో ఉందా, రబ్బరు స్టాంపుతో వేశారా చూడండి. అమ్ముడుపోని పాత సరుకు మీద కొత్త ధర స్టాంపు కొట్టడం పబ్లిషర్లకి అలవాటే. స్టాంపు చెప్పేది అమ్మిన కాలం, అచ్చయిన కాలం కాదు.

పీఠిక కింద "రౌద్రి నామ సంవత్సరము" అని సంతకం ఉంటే వేళ్ల మీద లెక్క కట్టవచ్చు. ప్రభవ 1867లో వచ్చింది, మళ్లీ 1927లో, 1987లో. ప్రభవని ఒకటిగా లెక్కిస్తే రౌద్రి 54వది. 1867కి 53 కలిపితే 1920, ఇంకో చుట్టు వేస్తే 1980. రెంటిలో ఏదో ధర చెబుతుంది. సంవత్సరాది నుంచి సంవత్సరాది దాకా లెక్క కనుక పుష్యంలోనో మాఘంలోనో రాశానంటే ఇంగ్లీషు ఏడాది ఒకటి పెరగవచ్చు. శాలివాహన శకం ఇచ్చి ఉంటే 78 కలపండి, చాలు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పీఠిక తేదీ అచ్చు తేదీ కాదు. పునర్ముద్రణల్లో మొదటి కూర్పు పీఠికని తేదీతో సహా యథాతథంగా వేయడం మామూలే. 1920 పీఠిక ఉన్న పుస్తకం వెనక అట్ట మీద నయాపైసలు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అక్షరాలు కూడా మాట్లాడతాయి కానీ కాస్త తడబడతాయి. "ధర్మము" బదులు "ధమ౯ము" అని తొమ్మిది అంకెలాంటి గుర్తు కనిపిస్తే అది వలపలగిలక. 19వ శతాబ్దపు అచ్చుల్లో విరివిగా ఉంటుంది. అరసున్న, బండి ఱ ఉన్నాయని మాత్రం ఎక్కువ డబ్బు ఇవ్వకండి. వాటిని పండితులు చాలా ఆలస్యంగా వదిలారు, కొందరు అసలు వదల్లేదు.

పుస్తకం చివర ప్రకటనల పేజీలుంటే చింపి పారేయకండి. "మా ఇతర ప్రచురణలు" జాబితాలో అన్నిటికన్నా కొత్త పుస్తకం ఏదో తేలిస్తే మొదటి గీత దొరికినట్టే. రెండో గీతకి బహుమతి రాతలు, సంతకాలు, గ్రంథాలయం ముద్రలు పనికొస్తాయి. లైబ్రరీ ముద్ర ఉండి, తొలగించినట్టు ఇంకో ముద్ర లేకపోతే నేను కొనను. ఎవరు ఎలా తెచ్చారో మనకి తెలియదు.

అన్ని పద్ధతులూ చేతులెత్తేసే సందర్భాలూ ఉన్నాయి. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను వావిళ్లవారు 1910లో వేస్తే అశ్లీలమని పోలీసులు ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మళ్లీ వావిళ్లవారే వేశారు. అదే ప్రచురణ సంస్థ, ఊరు రెండుసార్లూ మదరాసే, రెండూ అణాల కాలానివే. అట్ట లేని ప్రతి పట్టుకొచ్చి 1910 నాటిదని ఎవరైనా పెద్ద రేటు చెబితే, పూర్తి ప్రతి పక్కన పెట్టుకుని పేజీల సంఖ్య, పంక్తులు విరిగిన చోట్లు పోల్చకుండా జేబులో చెయ్యి పెట్టకండి. పోల్చడానికి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్లు వెతకండి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల అసలు ప్రతులు దొరకవచ్చు. ఆ 1867 చట్టం పుణ్యమా అని మదరాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి పుస్తకాల జాబితా గెజెట్‌తో వేసేది. పేజీలు, ధర, ఎన్ని ప్రతులు వేశారో కూడా అందులో ఉంటుంది. ఓపికున్నవాళ్లకి అది బంగారు గని.

కొన్నాక సెలోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. తుప్పుపట్టిన పిన్నులు తీసేసి, గాలి తగిలే అలమరలో గోడకి ఆనకుండా పెట్టండి. మీరు కట్టిన వయసుని, ఏ ఆధారంతో కట్టారో కూడా, విడి చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టండి.

తాళపత్రాలకి ఈ లెక్కలు పనిచేయవు. ధర లేదు, చిరునామా లేదు, సంవత్సరం పేరు ఉన్నా అది ఏ అరవయ్యేళ్ల చుట్టులోదో లిపి చదవగలిగినవాళ్లే చెప్పాలి. హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థకో తీసుకెళ్లి చూపించండి. 75 ఏళ్లు దాటి, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి "తాతగారి గుర్తు" అని సూట్‌కేసులో పెట్టుకుపోతానంటే ఆపండి, దేశం దాటించడం నేరం. వందేళ్లు దాటిన అచ్చు పుస్తకమైనా సరే, ముందు పురావస్తు శాఖ వాళ్లకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకున్నాకే విమానం ఎక్కించండి.