జూన్ 15న వేటకు బయల్దేరే ముందు: ఆపద సంకేతాల జాగ్రత్తలు

సముద్రంలో చేపల వేటపై రెండు నెలల నిషేధం జూన్ 14తో ముగుస్తోంది. వలలు, ఇంజన్లు అందరూ చూసుకుంటారు. ఇవి కూడా చూడండి.

ఫ్లేర్లన్నీ (ఆపదలో వెలిగించే సంకేత మంటలు) కంగారులో ఒకేసారి కాల్చేయకండి. చేతి ఫ్లేరు దాదాపు నిమిషమే వెలుగుతుంది. ఓడో, విమానమో కంటపడ్డాకో, ఇంజన్ చప్పుడు వినపడ్డాకో వెలిగించండి. చాలామంది ప్రాణం మీదకు తెచ్చుకునేది ఇక్కడే.

ఫ్లేరు మీద గడువు తేదీ చదవండి. నిరుడు ఒక బోటులో పెట్టె తెరిస్తే గొట్టాలు చెమ్మకి ఉబ్బి, మూతలు తుప్పుపట్టి ఉన్నాయి. పైకి మాత్రం పెట్టె కొత్తదే!

వెలిగించేటప్పుడు గాలి పోయే వైపు, పడవ బయటికి చాచి పట్టుకోండి. నిప్పురవ్వలు డీజిల్ మీదా, వల మీదా పడకూడదు.

పగలైతే నారింజ రంగు పొగ, రాత్రైతే ఎర్ర మంట.

డాట్ (మీట నొక్కితే ఆపద కబురు పంపే) పరికరం ఐస్ పెట్టెల కింద కాదు, చేతికందేచోట ఉండాలి. సెల్ సిగ్నల్ లేని దూరంలోనూ అది ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డుకు కబురు చేరుస్తుంది. పొరపాటున నొక్కితే వెంటనే చెప్పండి, లేకపోతే వెతకడానికి బయల్దేరతారు.

వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో "మేడే" (ఆపదలో ఉన్నామనే పిలుపు) మూడుసార్లు, పడవ పేరు, ఉన్నచోటు, ఎంతమంది, ఏం జరిగింది చెప్పాలి. సరంగు (పడవ నడిపేవాడు) ఒక్కడికే కాదు, కుర్రాళ్లకూ నేర్పండి. నీళ్లలో పడేది సరంగే కావచ్చు.

ఫోన్ అందితే కోస్ట్‌గార్డ్ 1554.

పక్క పడవలో ఎవరైనా రెండు చేతులూ చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తుంటే పలకరింపు అనుకోకండి. అది ఆపద సంకేతం, దగ్గరికి వెళ్లండి.