చిన్న బెడ్‌రూమ్‌లో జంపఖానా: నా అనుభవం

మా బెడ్‌రూమ్ పదడుగులకు పదడుగులు. ఐదడుగుల మంచం, బీరువా పోగా నడవడానికి మిగిలేది ఒక పక్క సందు మాత్రమే. అక్కడ పరిచిన మందపాటి కార్పెట్ బీరువా తలుపు తీసిన ప్రతిసారీ ముడతలు పడేది. పైగా నున్నటి టైల్స్ కదా, పొద్దున్నే హడావిడిగా మంచం దిగితే జారుతుందేమోనని టెన్షన్.

స్కేలు పెట్టి చూస్తే తలుపు కింద ఖాళీ అరంగుళం కూడా లేదు. పైకి లేచిన పోగులతో మందంగా ఉండే కార్పెట్లేవీ ఇక పనికిరావని తేలిపోయింది. అందుకే పల్చగా నేసిన వరంగల్ నూలు జంపఖానా తెచ్చాం. 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని తెలిపే భౌగోళిక గుర్తింపు, వచ్చింది వీటికే. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మంచం వెంట నిలువుగా పరిచి, జానెడు అంచు మంచం కిందికి తోశాను. దిగితే పాదం సరిగ్గా మధ్యలో పడుతుంది.

జారకుండా కింద రబ్బరు జాలీ వేశాను. దాన్ని నాలుగు వైపులా అంగుళం తగ్గించి కత్తిరించాలి, లేకపోతే బయటికి కనిపించి చిరాగ్గా ఉంటుంది. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి, రంగు దిగేదైతే అక్కడే తెలిసిపోతుంది. ఇది రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి మాసినప్పుడు తిరగేస్తున్నాం.

గోడ పక్కన ఏమీ వేయలేదు. అటు ఎవరూ దిగరు, ఊడ్చేందుకూ సుఖం.