ఫోన్ చెవికి ఆనిస్తే వినపడట్లేదా? ఇయర్ స్పీకర్ ఇంట్లోనే మార్చుకోండిలా

అవతలివాళ్లకి మన మాట బాగానే వినపడుతుంది. మనకే వాళ్ల మాట వినపడదు. స్పీకర్ ఆన్ చేస్తే మాత్రం ఖంగుమంటుంది. ఈ మూడూ కలిశాయంటే ఫోన్ పైభాగంలో, ముందు కెమెరా దగ్గర ఉండే చిన్న స్పీకర్‌ని అనుమానించాలి. దాన్నే ఇయర్‌పీస్ అంటారు, షాపులో అడిగితే ఇయర్ స్పీకర్. కింద ఛార్జింగ్ పిన్ను పక్కన ఉండే పెద్ద స్పీకర్‌ని రిపేరువాళ్లు రింగర్ అంటారు. ఈ తేడా చెప్పకుండా ‘స్పీకర్ ఇవ్వండి’ అంటే రింగర్ చేతిలో పెట్టి పంపిస్తారు.

ఫోన్ మోగుతోంది కదా అని చాలామంది స్పీకర్ ఆన్ చేసుకునే నెలల తరబడి బండి లాగించేస్తారు. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లు చాలా. అబ్బాయి అక్కడి నుంచి ఫోన్ చేసి జీతం గురించో, తీర్చాల్సిన అప్పు గురించో చెబుతుంటే అరుగు మీద కూర్చున్నవాళ్లంతా వింటూ ఉంటారు. ‘స్పీకర్ తీసెయ్యమ్మా’ అని వాడంటాడు, తీసేస్తే ఇక్కడ తల్లికి వినపడదు.

దీన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చు. అయితే వినపడట్లేదని వచ్చే ఫోన్లన్నిటిలో ఇయర్ స్పీకర్ పాడైపోయి ఉండదు. ఎక్కువసార్లు స్పీకర్ ముందుండే జాలీలో మట్టి ఉంటుంది, లేదా పైన వేసిన గ్లాసు అడ్డం ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ చివర్లో పట్టుకోవాలి.

విప్పకుండానే తేల్చుకోవాల్సినవి

మొదట కాల్‌లో ఉన్నప్పుడే సైడు బటన్‌తో వాల్యూమ్ పెంచి చూడండి. కాల్ వాల్యూమ్ వేరు, పాటల వాల్యూమ్ వేరు. పిల్లలు ఆడుకుంటూ తగ్గించేసిన సందర్భాలు బోలెడు. తర్వాత బ్లూటూత్ ఆపేయండి. సొరుగులో పడున్న ఇయర్‌బడ్స్‌కో, వాకిట్లో ఉన్న కారుకో మాట వెళ్లిపోతుండొచ్చు. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉన్న ఫోనైతే, ఏమీ గుచ్చకపోయినా పైన హెడ్‌ఫోన్ గుర్తు కనిపిస్తోందేమో చూడండి. వానాకాలంలో ఆ రంధ్రంలో చెమ్మ చేరి, ఇయర్‌ఫోన్ పెట్టారేమోనని ఫోన్ పొరబడుతుంది.

ఆపైన టెంపర్డ్ గ్లాసు. నల్ల అంచు ఉన్న గ్లాసులు ఒక వెంట్రుకవాసి పైకి జరిగినా స్పీకర్ సందుని మూసేస్తాయి. గ్లాసు పీకేసి ఒక కాల్ చేసి చూడండి. కొత్త గ్లాసు వేయించుకున్న రోజు నుంచే మాట తగ్గిందంటే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

స్పీకర్ పనితనం తెలుసుకోవడానికి సులువైన పరీక్ష వాట్సాప్‌లో ఉంది. ఎవరైనా పంపిన వాయిస్ మెసేజ్ నొక్కి ఫోన్ చెవికి ఆనించండి, శబ్దం కింది స్పీకర్ నుంచి ఇయర్ స్పీకర్‌కి మారుతుంది. అది బాగా వినపడి మామూలు కాల్స్ మాత్రమే వినపడకపోతే లోపం నెట్‌వర్క్‌లోనో సెట్టింగుల్లోనో ఉంది. శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# కొడితే చాలా మోడళ్లలో పరీక్షల పేజీ వస్తుంది, రిసీవర్ అనేది నొక్కితే ఇయర్ స్పీకర్‌లో శబ్దం రావాలి. రెడ్‌మీ, షావోమీల్లో చాలావాటికి *#*#6484#*#* ఉంది.

శబ్దం తీరును బట్టి కూడా జబ్బు తెలుస్తుంది. మాట నూతిలోంచి వచ్చినట్టు సన్నగా ఉంటే జాలీ పూడుకుపోయింది. గరగరలాడుతుంటే లోపలి పొర చిరిగి ఉండాలి, లేదా ఇనుప రజను అంటుకుని ఉండాలి. ఎందుకంటే స్పీకర్ లోపల ఉన్నది అయస్కాంతం, వెల్డింగ్ షాపు రజనును పిలిచి మరీ లాక్కుంటుంది. ఫోన్ పైభాగం నొక్కిపడితే వినపడి, వదిలేస్తే ఆగిపోతుంటే స్పీకర్‌ని బోర్డుకి కలిపే లోహపు ముక్కలు, అంటే కాంటాక్టులు, సరిగ్గా ఆనడం లేదు. అసలు గుసగుస కూడా లేకపోతే లోపలి తీగ తెగిపోయిందనుకోవచ్చు.

జాలీ శుభ్రం చేయడం

మన గోదావరి డెల్టాలో ఫోన్లు పడే పాట్లు వేరే ఊళ్లలో పడవు. చెరువు గట్టు మీద మేత చల్లే మనిషి జేబులో ఫోన్ ఉంటుంది. ఆ మేత పొడి, చొక్కా చెమట కలిసి జాలీలో పిండిలా గట్టిపడతాయి. రైస్ మిల్లులో తవుడు, కొబ్బరి పీచు ఫ్యాక్టరీల దగ్గర పీచు పొట్టు. భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ ఫోన్ తీసినా పై సందులో వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఫోన్ స్విచాఫ్ చేయండి. మెత్తటి టూత్‌బ్రష్, కొత్తది, పొడిది తీసుకోండి. తెర నేల వైపు ఉండేలా ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని, కింది నుంచి సందు పొడవునా అడ్డంగా రుద్దండి. అలా పట్టుకుంటేనే ఊడిన మట్టి కిందికి రాలుతుంది, లేకపోతే లోపలికే పోతుంది. గట్టిపడిన జిడ్డు వదలకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బ్రష్ కొసను తడిపి, గుడ్డకి అద్ది, కొద్దిపాటి తడితో మాత్రమే తగిలించండి. నేరుగా చుక్కలు పోయకూడదు. శానిటైజర్ వద్దు, దానిలో నీళ్లూ జిగురూ ఉంటాయి.

గుండుసూదితో పొడవడం అందరికీ వచ్చే ఆలోచనే. జాలీ వెనకే కాగితం కన్నా పల్చటి పొర ఉంటుంది, సూది తగిలితే దాని పని అయిపోయినట్టే. పంచర్ షాపు గాలి కొట్టించినా అంతే. నోటితో ఊదితే తుంపర లోపలికి వెళుతుంది.

నీళ్లలో పడిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పాతిపెట్టడం గురించి కూడా ఒక మాట. మనకు బియ్యానికి కొదవ లేదు కాబట్టి ఇది ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. బియ్యం లోపలి నీటిని లాగేయదు, పైగా ఆ పిండి సందుల్లోకి చేరుతుంది. ఆపిల్ కంపెనీ కూడా బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. అందులోనూ రొయ్యల చెరువులో పడ్డ ఫోన్ సంగతి వేరు. ఆ ఉప్పునీరు ఆరిపోయినా ఉప్పు మిగిలిపోయి కాంటాక్టులకు పచ్చగా చిలుము పట్టిస్తుంది. అలాంటి ఫోన్‌కి ఇయర్ స్పీకర్ ఒక్కటే మార్చి లాభం లేదు, బోర్డు శుభ్రం చేయించాల్సిందే.

విడిభాగం, సామాను

ఇవన్నీ అయ్యాక కూడా వినపడకపోతే అప్పుడు మార్చడమే. వారంటీ ఉంటే మాత్రం విప్పకండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో చేరిన కంపెనీల సర్వీసు వివరాలు చూసుకోవచ్చు.

ఐఫోన్ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి. ఐఫోన్ టెన్, 11, 12 సిరీస్‌లలో ఇయర్ స్పీకర్ స్ట్రిప్ (పట్టీలాంటి పల్చటి వైరు) మీదే ఫేస్ ఐడీకి, అంటే ముఖం చూసి లాక్ తీసే ఏర్పాటుకి, కావాల్సిన భాగం ఉంటుంది, అది ఆ ఫోన్‌కే జతపడి ఉంటుంది. మొత్తం స్ట్రిప్ మార్చేస్తే మాట వస్తుంది కానీ ఫేస్ ఐడీ పోతుంది. ఇంట్లో చేసే పని కాదది. పాత చిన్న ఫోన్లలో స్పీకర్‌ని వైర్లతో టంకం వేసి ఉంచుతారు. టంకం కర్ర అలవాటు లేకపోతే దాన్నీ షాపుకే ఇచ్చేయండి. వెనక మూత ఊడదీసి విప్పే ఆండ్రాయిడ్ ఫోన్లే మనకు అనువైనవి.

ఇయర్ స్పీకర్ చాలా ఆండ్రాయిడ్ మోడళ్లకు వందల్లోనే దొరుకుతుంది. సెట్టింగుల్లో అబౌట్ ఫోన్‌లో ఉండే పూర్తి మోడల్ నంబరు చెప్పి కొనండి. రెడ్‌మీ నోట్ 10కి, నోట్ 10 ప్రోకి పేరు దగ్గరగా ఉందని ఒకదానిది ఇంకొకదానికి పడుతుందనుకోవద్దు. ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఫోన్ విప్పాక పాతదాని పక్కన పెట్టి ఆకారం, కాంటాక్టులు ఉన్న చోటు పోల్చుకోండి.

సామానుకి సన్న ప్లస్ స్క్రూడ్రైవర్, సిమ్ పిన్ను, ట్వీజర్, గిటార్ వాయించే ప్లాస్టిక్ బిళ్లలు రెండు మూడు, బీ7000 జిగురు ట్యూబు కావాలి. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది.

విప్పడం

ఫొటోలు, ఫోన్ నంబర్లు వేరేచోట దాచుకోండి. ఛార్జింగ్ 25 శాతం లోపు ఉంచితే బ్యాటరీకి పొరపాటున దెబ్బ తగిలినా ముప్పు తక్కువ. బ్యాటరీ ఉబ్బి ఉంటే అసలు ముట్టుకోవద్దు. పగటి వెలుతురులో కూర్చోండి, సాయంత్రం మొదలుపెడితే సగంలో కరెంటు పోతుంది. ఫ్యాన్ కట్టేయండి. ఉక్కపోసినా సరే, ఈ స్క్రూలు ఎగిరితే గచ్చు మీద దొరకవు.

స్విచాఫ్ చేసి సిమ్ ట్రే తీసేయండి. అది లోపల ఉండగా విప్పితే విరుగుతుంది. వెనక మూత అంచులను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. డ్రయ్యర్ లేకపోతే వేడినీళ్ల బ్యాగు పొడిగుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనించి ఉంచినా జిగురు మెత్తబడుతుంది. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. గ్యాస్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె జోలికి పోకండి.

ఒక మూల సందులోకి ప్లాస్టిక్ బిళ్ల కొద్దిగా దూర్చి, అంచు చుట్టూ మెల్లగా జరపండి. లోతుగా దూరిస్తే బ్యాటరీకో స్ట్రిప్‌కో తగులుతుంది. తెరుచుకున్న చోట ఒక బిళ్లను అలాగే ఉంచి ఇంకోదానితో ముందుకు పోతే మళ్లీ అతుక్కోదు. మూత వదులైంది కదా అని ఒక్కసారిగా లాగొద్దు. వెనక వేలిముద్ర సెన్సార్ ఉన్న ఫోన్లలో మూత నుంచి బోర్డుకి సన్నటి స్ట్రిప్ ఉంటుంది. పుస్తకం తెరిచినట్టు కాస్త లేపి, లోపల చూసి, దాన్ని విడదీశాకే మూత పక్కన పెట్టాలి.

ఇప్పుడు పైభాగంలో నల్ల ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ స్క్రూలు కనిపిస్తాయి. తెల్లకాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ తీస్తే బొమ్మలో అక్కడే టేపుతో అంటించండి. అన్నీ ఒకటే అనిపిస్తాయి కానీ పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి, వందల్లో అయ్యే పని వేలల్లోకి పోతుంది.

కవరు తీయగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ బిళ్లతో నిలువుగా పైకి లేపడం. అది వచ్చాకే మిగతా దేన్నైనా ముట్టుకోవాలి.

మార్చడం

ఇయర్ స్పీకర్ కెమెరా పైనో పక్కనో ఒక గూటిలో కూర్చుని ఉంటుంది. కొన్ని ఫోన్లలో నేరుగా కనిపిస్తుంది, కొన్నిటిలో కవరుకే అంటుకుని వస్తుంది, ఇంకొన్నిటిలో బోర్డు లేపితేగానీ అందదు. ఒకవేళ తెర తీస్తేనే అందే మోడలైతే మూత మళ్లీ పెట్టేసి షాపుకి వెళ్లండి, తెర పగిలితే ఖర్చు ఎక్కడికో పోతుంది.

మల్టీమీటర్ ఉంటే ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ రెండు కాంటాక్టులకు తాకించండి. సుమారు 30 ఓమ్స్, కొన్ని ఫోన్లలో 8 ఓమ్స్ దగ్గర చూపిస్తే తీగ బాగానే ఉంది. ఏమీ చూపించకపోతే తెగిపోయింది. తీగ బాగుంటే కొత్తది పెట్టే ముందు స్పీకర్‌కీ బోర్డుకీ మధ్య ఉండే బంగారు రంగు స్ప్రింగ్ కాంటాక్టులు చూడండి. అణిగిపోయి ఉంటే ట్వీజర్ కొసతో కొంచెం పైకి లేపండి. అవి ఆనే చోటు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో రుద్ది ఆల్కహాల్‌తో తుడవండి. ఒక్కోసారి పని ఇక్కడే అయిపోయి, కొన్న విడిభాగం డబ్బాలోనే ఉండిపోతుంది.

పాత స్పీకర్ సాధారణంగా జిగురుతో అతికి ఉంటుంది. కాస్త వేడి తగిలించి, కెమెరా వైపు నుంచి కాకుండా అవతలి అంచు నుంచి ప్లాస్టిక్ బిళ్లతో లేపండి. అది వచ్చాక గూడు లోపలికి చూస్తే జాలీ వెనకవైపు కనిపిస్తుంది. ఇక్కడి నుంచి బ్రష్ చేస్తే బయటి నుంచి పోని మట్టి కూడా పోతుంది. ఫోన్‌ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే చాలా మోడళ్లలో జాలీ కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనపడాలి. చీకటిగా ఉన్నచోట ఇంకా మట్టి ఉన్నట్టే. పాత స్పీకర్ చుట్టూ రబ్బరు అంచు ఉంటే దాన్ని తీసి కొత్తదానికి తొడగండి. అది లేకపోతే శబ్దం చెవిలోకి రాకుండా ఫోన్ లోపలే తిరుగుతుంది.

కొత్తదాన్ని కాంటాక్టులు పాతదానిలాగే వచ్చేలా గూటిలో కూర్చోబెట్టండి. దాని వెనక అంటించే టేపు లేకపోతే అంచుల్లో మాత్రం సూదిమొనంత జిగురు చాలు, జాలీ వైపు పడకూడదు. బ్యాటరీ కనెక్టర్‌ని టిచ్ బటన్ నొక్కినట్టు నొక్కి, కవరు పెట్టి, స్క్రూలన్నీ బిగించండి. మూత నుంచి విడదీసిన స్ట్రిప్ ఉంటే దాన్నీ మళ్లీ తగిలించండి. స్ప్రింగ్ కాంటాక్టుల ఫోన్లలో కవరు బిగిస్తేనే స్పీకర్ బోర్డుకి ఆనుతుంది, ఊరికే పెట్టి పరీక్షిస్తే కొత్తదీ పనిచేయట్లేదని టెన్షన్ పడతారు.

మూత అంటించే ముందు

సిమ్ ట్రే మళ్లీ పెట్టి, ఫోన్ ఆన్ చేసి 198కి కాల్ చేయండి, కస్టమర్ కేర్ రికార్డింగ్ మోగుతూ ఉంటుంది కాబట్టి ఎవరినీ విసిగించక్కర్లేదు. తీరిగ్గా వాల్యూమ్ పెంచి, తగ్గించి వినండి. కాల్‌లో ఫోన్ చెవికి పెడితే తెర ఆరిపోవాలి, తీస్తే వెలగాలి. ముందు కెమెరా, వేలిముద్ర కూడా చూసుకోండి, వీటి స్ట్రిప్‌లు ఆ చుట్టుపక్కలవే.

అన్నీ సరిగ్గా ఉంటే పాత జిగురు గీకి, అంచు వెంట బీ7000 సన్నగా పూసి మూత పెట్టండి. రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలేయండి, గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంకాస్త ఆగినా నష్టం లేదు. కంపెనీ వాటర్‌ప్రూఫ్ అని చెప్పిన ఫోనైనా ఒకసారి విప్పాక ఆ నమ్మకం పెట్టుకోకండి.

కొత్త స్పీకర్ పెట్టినా, కాంటాక్టులు తుడిచినా గుసగుస కూడా రాకపోతే లోపం బోర్డు మీద ఉన్న ఆడియో భాగంలో ఉంది. అది మైక్రోస్కోప్ కింద చేసే పని. షాపుకి తీసుకెళ్లినప్పుడు ఏమేం చేశారో దాచకుండా చెప్పండి, కొత్త ఇయర్ స్పీకర్ ఇప్పటికే వేశామని కూడా చెప్పండి. లేకపోతే బిల్లులో మళ్లీ అదే మొదటి లైనుగా ఉంటుంది.