టోర్నమెంట్ చదరంగం నియమాలు: ముందు చేతికి, తర్వాత తలకి

అరుగు మీద పెద్దవాళ్ల దగ్గర చదరంగం నేర్చుకున్నవాళ్లు టోర్నమెంట్‌కి వచ్చినప్పుడు ముందు కొన్ని మర్చిపోవాలి. పాత దేశవాళీ ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదులుతుంది, షా పడని రాజు ఒకసారి గుర్రంలా దూకుతాడు, చివరి వరుసకి చేరిన బంటు ఆ నిలువు వరుసలో మొదట ఉన్న పావుగానే మారుతుంది. టోర్నమెంట్‌లో ఇవేవీ ఉండవు. పేర్లూ మార్చుకోవాలి. ఏనుగు, శకటం, ఒంటె అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో పావు. హాల్లో క్వీన్, రూక్, బిషప్ అంటేనే అందరికీ తెలుస్తుంది. గుర్రం, బంటు అన్నా పర్వాలేదు.

ఇదంతా ఒక్క సాయంత్రం పని. అసలు చిక్కు వేరే చోట ఉంది. జిల్లా స్థాయిలో పిల్లలు నియమాల వల్ల పోగొట్టుకునే పాయింట్లలో చాలావరకు పావులు ఎలా నడుస్తాయో తెలియక పోయేవి కావు. చెయ్యి ముందు దేన్ని ముట్టుకుంది, గడియారం ఎప్పుడు నొక్కారు, కాగితం మీద ఏం రాశారు అన్న దగ్గర పోతాయి. అందుకే ఈ నియమాలు చదివి వదిలేస్తే చాలదు, చేతికి అలవాటు కావాలి.

పుస్తకం ఏది, ఎక్కడ మొదలుపెట్టాలి

ఆధారం ఒక్కటే: ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ప్రచురించిన చదరంగ నియమావళి. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన పాఠం ఫిడే వెబ్‌సైట్‌లో హ్యాండ్‌బుక్ కింద ఉచితంగా దొరుకుతుంది. మొత్తం 12 ఆర్టికల్స్. 1 నుంచి 5 వరకు ఆట ఎలా ఆడాలో చెబుతాయి, 6 నుంచి 12 వరకు పోటీ నియమాలు. చివర ఉన్న అనుబంధాల్లో ఎ ర్యాపిడ్‌కి, బి బ్లిట్జ్‌కి (రెండూ తక్కువ సమయపు ఆటలే), సి ఎత్తులు రాసే పద్ధతికి.

వరసగా చదవకండి. ముందు ఆర్టికల్ 4, తర్వాత 7, తర్వాత 6, 9, 8, ఆపైన 11. ఒక్కో క్లాజు చదివి, బోర్డు మీద ఆ పరిస్థితి పెట్టి, చేత్తో చేసి చూడండి. రోజుకి అరగంట పెడితే రెండు వారాల్లో అయిపోతుంది. ఇంగ్లీషు బెరుకు ఉన్న పిల్లలకి పెద్దవాళ్లు చదివి చెప్పొచ్చు గానీ, పావులు మాత్రం పిల్లల చేతే కదిలించాలి.

ముట్టుకుంటే కదపాలి

ఆర్టికల్ 4లో మొదటి మాట: ప్రతి ఎత్తూ ఒకే చేత్తో వెయ్యాలి. మీ వంతులో మీ పావుని కావాలని ముట్టుకుంటే, కదిలే అవకాశం ఉంటే దాన్నే కదపాలి. ఎదుటివారి పావుని ముట్టుకుంటే, తీయగలిగితే దాన్నే తీయాలి. రెండు మూడు ముట్టుకుంటే ముందు ముట్టుకున్నదే లెక్క. పావు గడిలో వంకరగా ఉందని సర్దాలంటే ముందు "అడ్జస్ట్" అనాలి, అదీ మీ వంతులోనే. ముట్టుకున్నాక అంటే చెల్లదు. మోచెయ్యి తగిలి పడిపోతే ముట్టుకున్నట్టు కాదు. నిలబెట్టడం మాత్రం మీ సమయంలోనే.

రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో కదిపే క్యాసిలింగ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ముందు రాజు రెండు గడులు కదలాలి, తర్వాత అదే చేత్తో రూక్. రూక్‌ని ముందు ముట్టుకుని తర్వాత రాజుని ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాసిలింగ్ చెయ్యనివ్వరు, రూక్‌నే కదపాలి. ఇంట్లో రెండు చేతులతో రెండూ ఒకేసారి మార్చేసే అలవాటు ఉంటే దాన్ని ఇవాళే మానుకోండి. రెండు చేతులు వాడి గడియారం నొక్కితే అది ఇల్లీగల్ మూవ్ (చెల్లని ఎత్తు) కిందే లెక్క.

క్యాసిలింగ్ ఎప్పుడు చెయ్యకూడదన్న అనుమానం కూడా తరచూ వస్తుంది. రాజు షాలో ఉండకూడదు, దాటే గడి మీదా చేరే గడి మీదా ఎదుటివారి దాడి ఉండకూడదు. రూక్ మీద దాడి ఉన్నా ఫర్వాలేదు. పెద్దవైపు క్యాసిలింగ్‌లో బి1 గడి మీద దాడి ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే రాజు ఆ గడి దాటడు.

ఎదుటివారు టచ్ మూవ్ తప్పితే వెంటనే చెప్పాలి. మీరు మీ పావు ముట్టుకున్నాక ఆ హక్కు పోతుంది. "నేను ముట్టుకోలేదు" అని అవతలివాళ్లు అంటే వాదించకండి. గడియారం ఆపి చెయ్యెత్తండి, ఆర్బిటర్ (పోటీలో నియమాలు చూసే న్యాయనిర్ణేత) వస్తారు. సాక్షి లేకపోతే ఆర్బిటర్ కూడా ఏమీ చెయ్యలేకపోవచ్చు. అది మనసులో పెట్టుకునే ఆడాలి.

ఇల్లీగల్ మూవ్: గడియారం నొక్కేదాకా తప్పు కాదు

చెల్లని ఎత్తు వేసి గడియారం నొక్కితేనే తప్పు పూర్తయినట్టు. నొక్కకముందు తెలిస్తే జరిమానా లేదు. టచ్ మూవ్ మాత్రం ఉంటుంది, ముట్టుకున్న పావుతోనే చెల్లే ఎత్తు వెయ్యాలి. నొక్కాక తెలిస్తే బోర్డు తప్పుకి ముందున్న స్థితికి వెళ్తుంది, ఎదుటివారికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారి అయితే ఆట పోయినట్టే. ఏ వరస ఎత్తులతోనూ ఎదుటివారు ఆటకట్టు చెయ్యలేని స్థితి ఉంటే మాత్రం డ్రా. బ్లిట్జ్‌లో జరిమానా ఒక నిమిషమే, ర్యాపిడ్‌లో రెండే.

షాలో ఉన్న రాజుని వదిలేసి ఇంకో పావు కదపడం ఒక్కటే ఇల్లీగల్ కాదు. బంటు చివరి గడికి చేర్చి, క్వీన్ పెట్టకుండా గడియారం నొక్కినా ఇల్లీగలే. అప్పుడు రూక్ కావాలన్నా గుర్రం కావాలన్నా కుదరదు, బంటు స్థానంలో క్వీనే వస్తుంది. ఎత్తు వెయ్యకుండానే గడియారం నొక్కడం కూడా ఇందులోకే వస్తుంది. తొందరలో ఎదుటివారి ఎత్తు కాకముందే నొక్కేసే పిల్లలకి ఇది చెప్పి తీరాలి.

అదనపు క్వీన్ బల్ల మీద లేకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ని అడగండి. అడగడానికే ఆపొచ్చు. రూక్‌ని తలకిందులుగా పెట్టి "ఇదే క్వీన్" అంటే కుదరదు, అది రూక్‌గానే లెక్కవుతుంది. ఇంటి ఆటలో ఉన్న అలవాట్లలో ఖరీదైనది ఇదే అనిపిస్తుంది.

ఎక్కువ సమయం ఉండే క్లాసికల్‌లో ఇల్లీగల్ మూవ్ పది ఎత్తుల తర్వాత బయటపడినా, ఆట నడుస్తుండగా అయితే వెనక్కి వెళ్తారు. ఆర్బిటర్లు తక్కువగా ఉండే ర్యాపిడ్, బ్లిట్జ్‌లలో అలా కాదు, మీ తర్వాతి ఎత్తు వెయ్యకముందే చెప్పాలి. ఎదుటి రాజు షాలో ఉండిపోయాడని రాజుని తీసేసి చేత్తో పట్టుకోవడం సినిమాల్లో బాగుంటుంది. నియమాల్లో రాజుని తీయడమే చెల్లదు. గడియారం ఆపి, "ఇల్లీగల్" అని ఆర్బిటర్‌ని పిలవండి.

గడియారం

ఏ చేత్తో ఎత్తు వేశారో అదే చేత్తో నొక్కాలి. నొక్కాక బటన్ మీద వేలు ఉంచకూడదు, పైన గాల్లో చెయ్యి ఆడించకూడదు. గడియారం ఏ వైపు ఉండాలో నిర్ణయించేది ఆర్బిటర్, కాబట్టి రెండు వైపుల నుంచీ నొక్కడం సాధన చెయ్యండి.

"90+30" అంటే మొదట 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం (ఇంక్రిమెంట్). 60 ఎత్తుల ఆటకి ఒక్కొక్కరికి 120 నిమిషాలు, అంటే ఒక్క ఆట నాలుగు గంటలు పట్టొచ్చు. ఏది ఏ రకమో తేల్చడానికి కూడా ఇదే లెక్క: మొదటి సమయానికి, ఇంక్రిమెంట్‌ని 60తో హెచ్చించి కలుపుతారు. 10 నిమిషాలు, అంతకు తక్కువైతే బ్లిట్జ్. 10 దాటి 60 లోపు ర్యాపిడ్. 60, ఆపైన క్లాసికల్.

సమయం అయిపోతే ఓటమి, ఒక్క మినహాయింపుతో. ఎదుటివారు ఏ వరస ఎత్తులతోనూ మీ రాజుకి ఆటకట్టు చెయ్యలేకపోతే డ్రా. వాళ్ల దగ్గర ఒంటరి రాజు ఉంటే డ్రా అన్నది సులువుగానే అర్థమవుతుంది. వాళ్ల దగ్గర రాజు, ఒక గుర్రం, మీ దగ్గర రాజు, ఒక బంటు ఉండి మీ సమయం అయిపోతే? చాలామంది డ్రా అంటారు. మీ బంటే మీ రాజుకి దారి మూసే స్థితి ఒకటి సాధ్యం కాబట్టి మీరు ఓడినట్టే. బోర్డు మీద పెట్టి చూడండి: మీ రాజు ఏ1లో, బంటు ఏ2లో, వాళ్ల రాజు సి1లో, గుర్రం సి2లో.

రాయడం

క్లాసికల్‌లో ఇద్దరి ఎత్తులూ మీరే రాయాలి, ఎప్పటికప్పుడు. ఎత్తు వేసి, గడియారం నొక్కి, అప్పుడు రాయాలి. ముందే రాసుకుని తర్వాత వెయ్యడం నిషేధం. డ్రా అడగబోతున్నప్పుడు మాత్రమే దానికి సడలింపు. ఎదుటివారి ఎత్తు రాయకుండా జవాబు వెయ్యొచ్చు గానీ, ఆ తర్వాతి ఎత్తుకి ముందు రాసి తీరాలి. 5 నిమిషాల కంటే తక్కువ మిగిలి, ఇంక్రిమెంట్ 30 సెకన్ల కంటే తక్కువైతే రాయక్కర్లేదు. 90+30లో ఆ సడలింపు లేదు, చివరి ఎత్తు దాకా రాయాల్సిందే.

కింగ్‌కి కె, క్వీన్‌కి క్యూ, రూక్‌కి ఆర్, బిషప్‌కి బి, గుర్రానికి ఎన్, బంటుకి అక్షరం లేదు. గడి పేరు రాస్తే చాలు, ఈ4 అని. చిన్నవైపు క్యాసిలింగ్ 0-0, పెద్దవైపు 0-0-0. వేర్వేరు నిలువు వరుసల్లో ఉన్న రెండు గుర్రాలూ ఒకే గడికి వెళ్లగలిగితే ఏది వెళ్లిందో దాని నిలువు వరుస అక్షరం చేర్చాలి. ఇది మర్చిపోతే తర్వాత ఆట తిరగేసుకునేటప్పుడు మీకే అర్థం కాదు.

ఇంట్లో కనీసం పది ఆటలు గడియారంతో, రాస్తూ ఆడించండి. పక్కన కూర్చుని ఆట ముగిశాక ఆ కాగితం చూసి బోర్డు మీద తిరిగి ఆడండి. ఎక్కడ దారి తప్పిందో అక్కడ రాయడం తప్పు. మొదటి రెండు మూడు కాగితాలు ఇరవయ్యో ఎత్తుకే చిక్కుపడతాయి, కంగారు పడొద్దు.

డ్రా అడిగే పద్ధతి

డ్రా ప్రతిపాదన మీ ఎత్తు వేశాక, గడియారం నొక్కకముందు చెయ్యాలి. కాగితంలో (=) గుర్తు ఇద్దరూ రాయాలి. ఒప్పుకోకపోతే మళ్లీ మళ్లీ అడగడం అవతలివారి ఏకాగ్రత చెడగొట్టినట్టే.

ఒకే స్థితి మూడోసారి రావడం, 50 ఎత్తుల నియమం (బంటు కదలకుండా, ఏ పావూ తీయకుండా ఇద్దరూ 50 ఎత్తులు వెయ్యడం) మీరు అడిగితేనే డ్రా. అడిగే తీరు పట్టుబడాలి. మీ ఎత్తు వల్ల మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తు బోర్డు మీద వెయ్యకూడదు. కాగితం మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌కి చెప్పాలి. వేసేశారా, ఆ అవకాశం పోయింది. ఎదుటివారి ఎత్తుతో ఇప్పటికే మూడోసారి వచ్చి మీ వంతైతే, పావు ముట్టుకోకుండా పిలవండి. అడిగింది తప్పని తేలితే ఎదుటివారికి 2 నిమిషాలు, మీరు రాసిన ఎత్తే వెయ్యాలి. వరసగా మూడుసార్లు రావాలని లేదు. పావులు అవే గడుల్లో, అదే వంతుతో, క్యాసిలింగ్ హక్కులు, ఎన్ పాసాన్ (రెండు గడులు కదిలిన బంటుని పక్క బంటుతో వెంటనే తీయడం) అవకాశాలు కూడా మారకుండా ఉంటే చాలు. ఐదోసారి వచ్చినా, బంటు కదలిక గానీ పావు తీయడం గానీ లేకుండా ఇద్దరూ 75 ఎత్తులు వేసినా ఎవరూ అడగక్కర్లేదు, డ్రానే. 75వ ఎత్తే ఆటకట్టు అయితే ఆటకట్టే నిలుస్తుంది.

హాల్‌కి వెళ్లే రోజు

ఎంత ఆలస్యమైతే ఆట పోతుందో నిర్వాహకులు ప్రాస్పెక్టస్‌లో చెబుతారు. అది సున్నా నిమిషాలు కూడా కావొచ్చు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి శ్రీకాకుళానికి రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదని, ఆమదాలవలసలో ఉందని గుర్తుంచుకోవాలి. దిగాక బస్సుకో ఆటోకో పట్టే సమయం కూడా కలుపుకోవాలి. బొబ్బిలి, రాజాం నుంచి విజయనగరం వచ్చేవాళ్లు మొదటి రౌండ్‌కి బస్సు టైమ్ నమ్ముకోకుండా ఒక బస్సు ముందే ఎక్కడం మేలు.

ఫోన్ ఇంట్లో పెట్టండి, లేదా బయట పెద్దవాళ్ల దగ్గర. ఆట జరిగే చోట ఆర్బిటర్ అనుమతి లేని ఎలక్ట్రానిక్ పరికరం మీ దగ్గర ఉందని తేలితే ఆట పోతుంది. అది మోగాలని లేదు. స్విచ్ ఆఫ్ చేసి సంచిలో పెట్టుకోవడానికి కొన్ని పోటీల్లో అనుమతిస్తారు, ముందే అడగండి. స్మార్ట్ వాచ్ కూడా ఫోన్ లాంటిదే. రెండు పెన్నులు, నీళ్ల సీసా చాలు.

కూర్చోగానే మీ కుడిచేతి మూల తెల్ల గడి ఉందా, క్వీన్ తన రంగు గడిలో ఉందా చూడండి. మొదట్లో పావులు తప్పుగా అమర్చారని క్లాసికల్‌లో ఆట మధ్య తెలిస్తే ఆట రద్దయి కొత్తగా మొదలవుతుంది. ర్యాపిడ్‌లో ఇద్దరూ పదేసి ఎత్తులు వేశాక తెలిస్తే ఇక మార్చరు.

మీ వంతు నడుస్తుండగా ఆడే చోటు విడిచి వెళ్లాలంటే ఆర్బిటర్‌ని అడగాలి. అమ్మానాన్నలకి ఒక మాట: బోర్డు మీద తప్పు జరగడం చూస్తే చెప్పాల్సింది ఆర్బిటర్‌కే. పిల్లకి సైగ చేసినా దగ్గినా ఇబ్బంది పడేది పిల్లే.

ఆర్బిటర్ నిర్ణయం తప్పనిపిస్తే అప్పీల్ చెయ్యొచ్చు. పోటీ నియమాలు వద్దనకపోతే కాగితం మీద సంతకం పెట్టాక కూడా ఆ హక్కు ఉంటుంది. అయినా సంతకానికి ముందు ఫలితం 1-0 అని ఉందా, 0-1 అని ఉందా, మీ పేరు తెల్లపావుల వైపు ఉందా నల్లపావుల వైపు ఉందా అని రెండుసార్లు చూసుకుని, ఆర్బిటర్‌కి చెప్పాకే బల్ల దగ్గర్నుంచి లేవండి.