ఫోన్‌లో స్ట్రీమింగ్ ద్వారా ఫుట్‌బాల్ గేమ్: విజిల్ మోగేముందు జాగ్రత్తలు

ముందు నెట్ సంగతి. గేమ్ నడిచేది మీ ఫోన్‌లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. మీరు బటన్ నొక్కినట్టు అక్కడికి తెలియాలి, ఆ కదలిక వీడియోగా తిరిగి రావాలి. అందుకే వేగం ఎంత ఉన్నా, ఆలస్యమే అసలు ప్రత్యర్థి. పింగ్, అంటే సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం, ఎక్కువైతే మీ డిఫెండర్ కదిలేలోపే బంతి వలలో ఉంటుంది.

- వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఎంచుకుని, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. ఆ సమయంలో ఇంట్లో పెద్ద డౌన్‌లోడ్‌లు వద్దు.
- మొబైల్ డేటా అయితే లెక్క చూసుకోండి: సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున గంటకు 4.5 జీబీ ఖర్చు.
- గేమ్ చందాలోనే వస్తుందా, విడిగా కొనాలా? జీఫోర్స్ నౌ వంటి గేమ్ స్ట్రీమింగ్ సేవలో చాలా గేమ్‌లు మీ సొంతమై ఉండాలి.
- కంట్రోలర్ ఉంటేనే మేలు. తెర మీది బటన్లతో ఆడితే బొటనవేళ్లే సగం మైదానాన్ని కప్పేస్తాయి. వీలైతే కేబుల్‌తో కలపండి.
- బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం వెనకబడవచ్చు. వైరు ఉన్నవి నయం.
- బ్యాటరీ సేవర్ ఆపి, నోటిఫికేషన్లు మూసేయండి. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో కాల్ వస్తే ఎదుటివారు ఆగరు.
- మొదటి మ్యాచ్ కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి జట్టుతోనే ఆడండి. షాట్ ఆలస్యంగా పడుతోందో లేదో అక్కడే తేలుతుంది.