స్కానర్ కొనే ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి

ఊరి చరిత్ర భద్రం చేద్దాం అనుకోగానే అందరం ముందు స్కానర్ కొంటాం. నేనూ అదే చేశా, రెండు నెలలు కూర్చుని ఫొటోలన్నీ ఎక్కించాక చూస్తే సగం మొహాలు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు, తెలిసిన ఒక్క పెద్దాయన ఆ మధ్యలోనే పోయారు. ఫొటో పెట్టెలో ఇంకో ఏడాది ఉంటుంది, మనిషి ఉంటారో లేదో ఎవరికి తెలుసు.

అందుకే ముందు ఫొటోలు పట్టుకుని వెళ్ళి పెద్దవాళ్ళ చేతిలో పెట్టండి. అడిగి, ఒప్పుకున్నాకే రికార్డింగ్ ఆన్ చేయండి. ఫోన్ చాలు, కానీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపేసి, యాప్‌లో వేవ్ (WAV, గొంతు క్వాలిటీ తగ్గించకుండా దాచేది) ఫార్మాట్ ఉంటే అది ఎంచుకోండి. మొదట్లోనే తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారో పైకి చెప్పేయండి. "ఇది ఏ సంవత్సరం అండీ?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, "అప్పటికి మీకు పెళ్ళయిందా, పెద్దబ్బాయి పుట్టాడా" అని అడగండి, లెక్క మనం వేసుకోవచ్చు. చెప్తున్నవాళ్ళు మధ్యలో ఆగిపోతే మీరు మాట అందుకోకండి, కాసేపు ఊరుకుంటే అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. తప్పు చెప్పినట్టు అనిపించినా అక్కడ దిద్దొద్దు, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకుని ఎవరు ఏది అన్నారో పక్కన పెట్టండి, పాత కాగితాలతో తర్వాత సరిచూసుకోవచ్చు.

పేర్లు ఎడమ నుంచి కుడికి, వరసలవారీగా, ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయాలి. బాల్ పెన్ అయితే అచ్చు ముందు వైపుకి తేలుతుంది. కొన్ని ఫొటోల వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది, పెన్సిల్ పడదు, అప్పుడు కవర్ మీద ముందే రాసి తర్వాత ఫొటో అందులో పెట్టండి.

ఇప్పుడు స్కానర్. మామూలు ప్రింట్‌కి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క), స్టాంపు సైజువైతే 1200, సేవ్ చేసేది టిఫ్‌లో (TIFF, క్వాలిటీ తగ్గకుండా దాచే ఫైల్ రకం). జేపెగ్ పంపుకోడానికే, దాన్ని ఎడిట్ చేసి సేవ్ కొట్టిన ప్రతిసారీ కొంత క్వాలిటీ పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో ఎలాగూ నలిగిపోయే వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్రలు అక్కడే ఉంటాయి. ఫైల్ పేరు 1962-05 అని సంవత్సరంతో మొదలెడితే వరస దానంతటదే కుదురుతుంది.

ల్యామినేషన్ మాత్రం చేయించకండి, బాబోయ్, ఆ వేడి, ఆ జిగురు, ఇక వెనక్కి తీయడం ఉండదు. సెల్లో టేపూ అంతే. జిగురు పేజీల ఆల్బమ్‌కి అతుక్కున్న ఫొటో పీకకుండా పేజీతో సహా స్కాన్ చేసేయండి. కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల డ్రైవ్‌ల్లో, ఒకటి వేరే ఇంట్లో.

ఒరిజినల్స్ తీసుకున్నప్పుడే తిరిగిచ్చే తేదీ చీటీ మీద రాసిచ్చి, ఆ రోజుకి ఇచ్చేయండి, తోడుగా ఒక కొత్త ప్రింట్ కూడా. అటక మీద ఇంకో పెట్టె ఉందన్న సంగతి చాలామందికి అప్పుడే గుర్తొస్తుంది.